రాములోరి తలంబ్రాలకు ఆర్టీసీ దారి

2022 శ్రీరామనవమికి ముందు తెలంగాణ బస్టాండ్లలోని కార్గో కౌంటర్ల దగ్గర ఒక కొత్త ప్రకటన కనిపించింది. భద్రాచలం సీతారాముల కల్యాణ తలంబ్రాలు కావాల్సినవాళ్లు 80 రూపాయలు కట్టి పేరు, చిరునామా రాయించుకోవాలి. కల్యాణం అయ్యాక తలంబ్రాల పొట్లం ఇంటికే వస్తుంది. ప్రకటన సారాంశం ఇంతే. సినిమా తారలు లేరు, పాట లేదు, బహుమతుల ఆశ లేదు. ఆ ఏడు దాదాపు 89 వేల మంది భక్తులకు తలంబ్రాలు చేరాయి. నష్టాల మాట తప్ప మరో మాట వినపడని ఆర్టీసీకి సుమారు 71 లక్షల రూపాయల రాబడి వచ్చింది. మరుసటి ఏడు తలంబ్రాలు కోరినవాళ్లు లక్ష దాటి 1.17 లక్షలకు చేరారు.

తెలుగు నేలమీద ఈ మధ్యకాలంలో వచ్చిన ప్రచారాలన్నిటిలో నేను మళ్లీ మళ్లీ విప్పి చూసుకునేది దీన్నే. పైకి చూస్తే ఇది ఒక పార్శిల్ సేవ. లోపల ఎంత పనితనం ఉందో తెలియాలంటే ముందు భద్రాచలం దారి సంగతి చెప్పుకోవాలి.

భద్రాచలానికి రైలు లేదు. భద్రాచలం రోడ్ అని పేరున్న స్టేషన్ కొత్తగూడెంలో ఉంది. అక్కడ దిగినవాళ్లు ఇంకో 40 కిలోమీటర్లు బస్సులో రావాలి. ఊరికి ముందు గోదావరి, వెనక అడవి. ఆ అడవి దాటితే ఛత్తీస్‌గఢ్ వైపు కుంట, ఒడిశా వైపు మోటు. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక గుడి గోడకు కూతవేటు దూరంలోనే రాష్ట్రం మారిపోతుంది. హైదరాబాదు నుంచి 300 కిలోమీటర్లు పైచిలుకు. 1965లో గోదావరి మీద వంతెన వచ్చినప్పటి నుంచి ఈ ఊరికి భక్తులను, సరుకును, ఉత్తరాన్ని, కబురును మోసినది ప్రధానంగా ఎర్ర బస్సే. ఖమ్మం జిల్లా మనిషికి రాములవారి పెళ్లి అనగానే బస్టాండు కూడా గుర్తుకొస్తుంది. పాల్వంచ దాటాక అడవిగాలి కిటికీలోంచి తగలడం, సారపాక దగ్గర కాగితం మిల్లు వాసన, వంతెన మీదికి ఎక్కగానే బస్సులో అందరూ గోదావరికి దండం పెట్టడం, ఇవన్నీ ఆ ప్రయాణంలో భాగం.

ఇక తలంబ్రాలు. ఎక్కడైనా తలంబ్రాలు పసుపు రంగులో ఉంటాయి. భద్రాచలంలో ఎర్రగా ఉంటాయి. బియ్యంలో పసుపు, కుంకుమ, నెయ్యి, గులాలు కలుపుతారు. గులాలు కలిపే పద్ధతి గోల్కొండ తానీషా కాలం నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. ఫాల్గుణ పౌర్ణమినాడు రోలుకూ రోకలికీ పూజచేసి తలంబ్రాలు కలపడం మొదలుపెడతారు. అంటే పెళ్లికి మూడు వారాల ముందే పెళ్లిపని ఆరంభమైనట్టు. వందకు పైగా క్వింటాళ్ల బియ్యం సిద్ధం కావాలి. అందులో ఒక భాగానికి ఇంకో విశేషం ఉంది. తూర్పుగోదావరి కోరుకొండ దగ్గర శ్రీకృష్ణ చైతన్య సంఘం వాళ్లు ఇందుకోసమే వరి పండిస్తారు. విత్తేటప్పుడు, కోసేటప్పుడు ఆంజనేయుడు, సుగ్రీవుడు, జాంబవంతుడు వేషాలు కట్టి పొలంలో దిగుతారు. ఆ వడ్లను రోట్లో దంచరు, మిల్లుకు పంపరు. ఊరూరా పంచి, ఒక్కొక్క గింజను గోటితో ఒలిపిస్తారు. ఆ గోటి తలంబ్రాలు భద్రాచలానికీ, ఒంటిమిట్టకూ వెళతాయి. ఎక్కడో ఒకావిడ సాయంత్రంపూట అరుగుమీద కూర్చుని ఒలిచిన గింజ రాముడి తలమీద పడుతుంది. ఎవరూ డబ్బు పోసి కొనలేనంత శ్రద్ధ ఆ గింజలో ముందే ఉంది.

కల్యాణం రోజు మిథిలా స్టేడియంలో అభిజిత్ లగ్నంలో జీలకర్రబెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు అయ్యాక జనం కళ్లన్నీ తలంబ్రాల కౌంటర్లవైపు తిరుగుతాయి. పిల్లను చంకనెత్తుకున్న తల్లులు, కర్ర పట్టుకున్న ముసలివాళ్లు ఆ ఎండలో వరుసకట్టి పొట్లం చేతికొచ్చేదాకా కదలరు. ఇంటికి తెచ్చి దేవుడి గూట్లో పెడతారు. బియ్యపు డబ్బాలో నాలుగు గింజలు వేస్తారు. ఇంట్లో పిల్లకో పిల్లాడికో సంబంధం కుదిరితే ఆ పెళ్లి తలంబ్రాల్లో వీటిని కలుపుతారు. పక్కింటివాళ్లకు చిటికెడు ఇస్తారు. వెళ్లి వచ్చినవాళ్లు వెళ్లలేనివాళ్లకు పంచకపోతే మా వైపు మాట పడతారు.

ఈ ప్రచారంలో ఆర్టీసీ మొదటి తెలివి ఇక్కడ ఉంది. జనంలో లేని కోరికను పుట్టించే ప్రయత్నం చేయలేదు. జపాన్‌లో 1974లో కేఎఫ్‌సీ సంస్థ క్రిస్మస్‌కు తమ వేపుడు కోడి తినాలని దేశమంతా ప్రచారం చేసింది. క్రైస్తవులు అతి తక్కువగా ఉన్న ఆ దేశంలో అది పెద్ద ఆచారమై కూర్చుంది. వారాల ముందే ఆర్డర్లు రాయించుకుంటారు. ప్రకటనల పాఠాల్లో దాన్ని గొప్ప విజయంగా చెబుతారు. నిజంగా గొప్పే. కానీ అక్కడ ఆచారాన్ని కంపెనీ తయారుచేసింది. ఇక్కడ ఆచారం రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న కాలం నాటిది, కోరిక నిండుగా ఉంది. కొరత ఒక్కటే: ఆ గింజ కల్యాణానికి వెళ్లలేనివాడి గడపదాకా వచ్చే మార్గం లేదు. ఆర్టీసీ దగ్గర ఉన్నదల్లా మార్గమే. ఉన్న వస్తువునీ, ఉన్న కోరికనీ, ఉన్న బస్సునీ ఒకచోట కలిపినవాడు ఎవరో గాని, ఆ ఆలోచనలో అనవసరమైనది ఒక్కటీ లేదు.

రెండో సంగతి ఇంకా లోతైనది. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణా తహశీల్దారుగా పనిచేసి, ఖజానా సొమ్ముతో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పడ్డ రామదాసు కథ ప్రతి తెలుగు ఇంట్లో ఉంది. ఆ కథ చివర రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చారనీ, కళ్లు తెరుచుకున్న తానీషా అప్పటినుంచి ఏటా కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపించాడనీ చెబుతారు. ఆ ఆనవాయితీ ప్రకారం ఇవాళ్టికీ రాష్ట్ర ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు భద్రాచలం వెళతాయి. అంటే తరతరాలుగా రాజ్యం చేతినుంచి తలంబ్రాలు గుడికి పోతున్నాయి. 2022లో అదే రాజ్యానికి చెందిన ఒక సంస్థ గుడి నుంచి తలంబ్రాలు ఎత్తుకుని జనం దగ్గరికి బయల్దేరింది. ఇంతకాలం ఒకవైపే నడిచిన దారికి రెండో వైపు తెరుచుకుంది. అందుకే ప్రభుత్వ బస్సులో దేవుడి తలంబ్రాలు రావడం ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఒక ప్రైవేటు కొరియర్ కంపెనీ ఇదే పని, ఇదే ధరకు చేసి ఉంటే ఇంత సులువుగా జనం నమ్మేవాళ్లు కాదని నా నమ్మకం. తలంబ్రాలు నిజంగా గుడివేనా అన్న అనుమానం ముందు పుట్టేది. దేవాదాయ శాఖతో కలిసి చేయడంవల్ల, చేరవేసేది రోజూ ఎక్కే బస్సే కావడంవల్ల ఆ అనుమానానికి చోటు లేకపోయింది.

సమయం చూడండి. 2020 ఏప్రిల్ 2న కరోనా వల్ల భక్తులు లేకుండా కల్యాణం జరిగింది. 2021 ఏప్రిల్ 21న కూడా అంతే. పెళ్లికొడుకు ఉన్నాడు, పెళ్లికూతురు ఉంది, పెళ్లివారు లేరు. ఆ రెండేళ్లూ జనం టీవీల్లో చూసుకున్నారు. అంతకుముందు తరం రేడియోలో విన్నది. ఉషశ్రీ గొంతులో ఆ కల్యాణ వ్యాఖ్యానం వింటూ స్టౌమీద పాయసం పెట్టుకున్న ఇళ్లు ఎన్నో. చెవికి రేడియో తెచ్చింది, కంటికి టీవీ తెచ్చింది. చేతికి మాత్రం ఏదీ అందలేదు. రెండేళ్ల ఎడబాటు తర్వాత 2022 ఏప్రిల్ 10న మళ్లీ భక్తుల మధ్య పెళ్లి జరుగుతుందనగా, సరిగ్గా అప్పుడు, చేతికి అందే సంగతి ఆర్టీసీ చెప్పింది. ఒక ఏడాది ముందు చెబితే కార్గో సర్వీసుకు ఇంకా నిలదొక్కుకునే వయసు లేదు. అది 2020 జూన్‌లో, లాక్‌డౌన్ కష్టాల్లో మొదలైంది. ఒక ఏడాది తర్వాత చెబితే ఆ తహతహ కొంత చల్లారేది.

సంస్థ పరిస్థితి కూడా గుర్తుచేసుకోవాలి. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు ఆర్టీసీ సమ్మె నడిచింది. దాని గాయం మానకముందే కరోనా వచ్చి బస్సులను డిపోల్లో కూర్చోబెట్టింది. 2021 సెప్టెంబరులో వి.సి.సజ్జనర్ ఎండీగా వచ్చారు. పోలీసు అధికారి. వచ్చీరాగానే సోషల్ మీడియాలో ఆర్టీసీకి ఒక గొంతు ఇచ్చారు. అదే ఏడు నవంబరులో ఒక బైక్ టాక్సీ ప్రకటనలో అల్లు అర్జున్ పాత్ర ఆర్టీసీ బస్సును తక్కువచేసి మాట్లాడిందని నోటీసులు పంపారు. రాష్ట్రమంతా దాని గురించి మాట్లాడుకుంది. ఆ గొడవలోనే బస్సుమీద జనానికి ఉన్న అభిమానం బయటపడింది. ఆర్ఆర్ఆర్ సినిమా పాట దృశ్యాల్లో జెండామీద ఆర్టీసీ గుర్తు పెట్టి పోస్టు చేశారు. మీమ్స్ చేశారు. కుర్రకారు నవ్వుకుని పంచుకున్నారు. బస్సులో ప్రసవమై పుట్టిన ఆడపిల్లలకు జీవితకాలపు ఉచిత పాస్ ఇచ్చారు. పెళ్లికి బస్సు బుక్ చేసుకుంటే సిబ్బంది వచ్చి వధూవరులకు జ్ఞాపిక ఇచ్చే పద్ధతి పెట్టారు.

ఈ చివరి రెండూ నాకు మీమ్స్ కంటే ఎక్కువ ఇష్టం. మీమ్ వైరల్ అవుతుంది, రెండో రోజుకు కొత్తది వస్తుంది. పెళ్లికి వచ్చి కానుక ఇచ్చినవాణ్ణి మనవాళ్లు మరిచిపోరు. బస్సు మన శుభకార్యాల్లో మనిషిలా మెలగాలన్న ఆలోచన ఆ కానుకలోనే మొలకెత్తింది. ఊరి పెళ్లిళ్లకు వెళ్లడం అలవాటైన బస్సు, ఆ తర్వాత కొద్ది నెలలకే రాముడి పెళ్లి తలంబ్రాలు పట్టుకుని ఊళ్లకు బయల్దేరింది. రెండూ ఒకే చేతి పని.

ధర విషయం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే అసలు చెక్కుడు పని అక్కడుంది. మొదటి ఏడు 80 రూపాయలు. అది బజారు అంకె. 2023లో 116 చేశారు. ఒక వస్తువు ధరను ఒక్కసారిగా 36 రూపాయలు పెంచితే మామూలుగా జనం గొణుగుతారు. కానీ 116 అనేది తెలుగువాడికి పెళ్లిలో చదివించే అంకె. పందిట్లో పురోహితుడు మైకు పట్టుకుని ఫలానావారు నూటపదహార్లు అని చదివితే విన్న చెవులు మనవి. రాముడి పెళ్లికి నూటపదహార్లు అనేసరికి అది కొనుగోలు కాకుండా పోయింది, చదివింపు అయింది. చేతికిచ్చే రసీదు కట్నాల పుస్తకంలో రాసిన పేరులా తోచింది. బస్ భవన్‌లో పోస్టరు ఆవిష్కరించి, ఎండీ స్వయంగా మొదటి 116 కట్టి రసీదు తీసుకున్నారు. అది కూడా మన పద్ధతే: పెద్దవాడు మొదట చదివిస్తే తక్కినవాళ్లు వరుసగా లేస్తారు. ఈ అంకెను ఎవరు, ఏ ఆలోచనతో పెట్టినా సరే, లక్ష మందికి పైగా దానికి తల ఊపారు. ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గాలన్న లెక్క అక్కడ తప్పింది, కొనేవాళ్లు పెరిగారు.

2024లో 151 చేశారు, 2025లోనూ అదే. చివర ఒకటి ఉంటే శుభమన్న లెక్క కుదిరింది గాని, ఈ పెంపు నాకు నచ్చలేదు. రెండేళ్లలో దాదాపు రెట్టింపు. పల్లెవెలుగు బస్సు ఎక్కేవాడే ఈ సంస్థకు మూలవిరాట్టు. ఆ మనిషికి 116కీ 151కీ తేడా ఉంది. నూటపదహార్ల దగ్గరే ఆగి ఉంటే ఆ అంకె ఆర్టీసీ తలంబ్రాలకు శాశ్వతంగా పేరుపడేది. ఇంత చక్కగా దొరికిన అంకెను ఒక్క ఏడాదికే వదులుకోవడం పనితనంలో నాకు కనపడిన ఒకే ఒక లోటు.

వస్తువు ఎంపికలో ఇంకా ఎన్నో సౌకర్యాలు కలిసొచ్చాయి. లడ్డూ అయితే నాలుగు రోజులకు వాసన వస్తుంది, నలుగుతుంది. తీర్థం అయితే ఒలుకుతుంది. తలంబ్రాలు పొడి సరుకు, పిడికెడు బరువు, విరిగేది లేదు, చెడేది లేదు. వారం ఆలస్యమైనా మహిమ తగ్గదు. ఎటూ ఆ దారిన వెళ్లే బస్సులో ఒక మూల పట్టేస్తుంది. దానికోసం ప్రత్యేకంగా చక్రం తిరగక్కర్లేదు. డబ్బు ముందే కట్టించుకుంటారు కాబట్టి ఎన్ని పొట్లాలు కావాలో లెక్క తెలుస్తుంది, మిగిలిపోయేది ఉండదు. గడువు పెట్టాల్సిన పనికూడా లేదు. పంచాంగమే గడువు పెట్టింది, చైత్ర శుద్ధ నవమి ఎవరికోసమూ ఆగదు. వ్యాపారులు ఈ రోజే ఆఖరు, త్వరపడండి అని అబద్ధపు తొందర పుట్టిస్తుంటారు. ఇక్కడ తొందర నిజమైనది.

ప్రచారం మోసినవాళ్లెవరంటే సిబ్బందే. తొంభైకి పైగా డిపోలున్న సంస్థ. కార్గో కౌంటర్లలో రాసుకోవడమే కాకుండా, మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌లు నేరుగా జనం దగ్గరికి వెళ్లి ఆర్డర్లు తీసుకున్నారు. ఫోన్ చేసినా రాసుకున్నారు. సమ్మె కాలంలో జనానికి ఎదురుపడలేక నలిగిపోయిన ఉద్యోగి, ఇప్పుడు రాములవారి తలంబ్రాల రసీదు పుస్తకం పట్టుకుని వీధిలోకి వచ్చాడు. అతనికి ఎంత ఊపిరి వచ్చి ఉంటుందో ఊహించగలను. అప్పటిదాకా టికెట్టు అడిగిన చెయ్యి ఇప్పుడు శుభం అడుగుతోంది.

పొట్లం ఇంటికి చేరాకే అసలు ప్రచారం మొదలవుతుంది. తలంబ్రాలు ఒక్కరే దాచుకునే వస్తువు కాదు. పక్కింటికి చిటికెడు, ఎదురింటికి చిటికెడు, పెళ్లికాని మేనకోడలికి కాగితంలో చుట్టి కొన్ని. ఇచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది: భద్రాచలం ఎప్పుడు పోయొచ్చావమ్మా? పోలేదక్కా, ఆర్టీసీవాళ్లు ఇంటికి తెచ్చిచ్చారు. ఈ రెండు మాటల సంభాషణకు ఏ ప్రకటనల కంపెనీ వెల కట్టగలదు? ఫోన్‌లో పంచుకునేది వేలితో నొక్కితే పోతుంది, దానికి ఖర్చు లేదు, కాబట్టి విలువా తక్కువే. దేవుడి గూట్లోంచి తీసి చేతిలో పెట్టినదానికి మాట తోడవుతుంది, ఆ మాటమీద నమ్మకం ఉంటుంది. 89 వేలు మరుసటి ఏడుకు 1.17 లక్షలు కావడానికి పోస్టర్లకంటే ఈ చిటికెడు గింజలే ఎక్కువ పనిచేశాయని నేననుకుంటాను.

ఇదే భద్రాచలం పేరు ఇంతకన్నా ముందే దేశమంతా తిరిగింది, కానీ మూగగా. గోదావరికి ఇవతల సారపాకలో 1979 నుంచి నడుస్తున్న మిల్లు అట్టలు, కాగితం దేశంలో ఎన్నో డబ్బాలకూ, నోటు పుస్తకాలకూ వెళతాయి. ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్ అని పేరు ఉండేది. 2002లో మాతృసంస్థలో కలిసిపోయింది. ఊరు పేరు కంపెనీ కాగితాల్లో ఉంది గాని ఆ నోటుపుస్తకం తెరిచిన పిల్లవాడికి ఊరు తెలియదు. తలంబ్రాల పొట్లం ఊరిని వెంటబెట్టుకుని వచ్చింది.

సజ్జనర్ 2025లో హైదరాబాదు పోలీసు కమిషనరుగా వెళ్లిపోయారు. సంస్థ పేరు కూడా టీఎస్‌ఆర్టీసీ నుంచి టీజీఎస్‌ఆర్టీసీ అయింది. మనుషులు మారినా నిలిచే పద్ధతి ఇది. ఎందుకంటే ఇందులో ఒక మనిషి చమత్కారం కంటే గుడి క్యాలెండరు, బస్సుల టైంటేబులు ఎక్కువ పనిచేస్తున్నాయి.

ఆర్టీసీ పెద్దలకు ఒక విన్నపం. భద్రాచలం అడవి అంచున ఆడవాళ్లు చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారు. భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్ అని పేరు పెట్టుకున్నారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లిన చేతులు అవి. 2025 జూన్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో వాళ్ల గురించి చెప్పారు; ఆ బిస్కెట్లు లండన్ దాకా వెళుతున్నాయి. ఖమ్మం బస్టాండులో, ఇల్లందు బస్టాండులో, మణుగూరు బస్టాండులో కూడా అవి దొరకాలి కదా. తలంబ్రాలు రాయించుకునే అదే రసీదులో ఇంకో గడి పెట్టండి. రాములోరి తలంబ్రాలతోపాటు రాముడు తిరిగిన అడవిలోని ఆడబిడ్డలు చేసిన ఒక పొట్లం కూడా కావాలా అని అడగండి. బస్సు అదే, దారి అదే, చిరునామా అదే. వచ్చే నవమికి తలంబ్రాలు బుక్ చేసుకునే పాఠకులు కూడా కౌంటర్లో ఈ మాట అడిగి రండి. నలుగురు అడిగితే ఆర్టీసీ వింటుంది. విన్న సంస్థే ఇది.